పసుపు మూలలు

ఆ ఎండాకాలం మొదలయ్యేనాటికి నా చేతిలో ఏమేం ఉన్నాయో ముందు చెబుతాను. చొప్పదండి బజార్లో ఒక మ్యాచింగ్ సెంటర్, దాని వెనకే రెండు గదుల ఇల్లు. దుకాణంలో మూడు గోడల నిండా జాకెట్ ముక్కలు, చీరల ఫాల్స్, అస్తరు గుడ్డ, లేసు చుట్టలు. ఏ చీర తెచ్చి బల్ల మీద పడేసినా దానికి సరిపోయే ముక్క ఏ అరలో ఉందో కూర్చున్న చోటు నుంచే చూపించగల రెండు కళ్లు. గుడ్డపేలిక కూడా పారెయ్యనివ్వని భార్య చాంద్‌బీ. డిగ్రీ చదువుతున్న బిడ్డ ఇఖ్రా. వీటన్నిటి మీద ఒక మాట: "గులాం నబీ దగ్గర రంగు తప్పదు." ఆ మాట మా అబ్బా కాలం నుంచి ఉంది, అప్పుడు ఆయన పేరుతో, ఇప్పుడు నా పేరుతో. దాన్ని ఏ అరలోనూ పెట్టలేం గానీ, దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన సరుకు అదే.

లేనిదల్లా గిరాకీ.

ఒకప్పుడు పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నాకు మధ్యాహ్నం అన్నం తినే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు చీరలోనే జాకెట్ గుడ్డ కలిపి నేస్తున్నారు. అది నచ్చనివాళ్లు కరీంనగర్ పోయి కుట్టి ఉన్న జాకెట్లే తెచ్చుకుంటున్నారు. నా దగ్గర కదులుతున్నవి పెట్టుడు ముక్కలు మాత్రమే. పెట్టుడు ముక్క అంటే కుట్టుకోవడానికి కొనేది కాదు, ఎవరికైనా పెట్టడానికి కొనేది. మా వైపు దాన్ని కనుము అంటారు. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసినా, చుట్టం వచ్చి పోతున్నా, ఇంట్లో శుభకార్యమైనా ఆడవాళ్ల చేతిలో ఒక కనుము పెట్టాలి. అది పొడవు తక్కువ, నేత పల్చన. చేతులకు సరిపోతే వీపుకు చాలదు. ఆ సంగతి తెలిసే కొంటారు, తెలిసే పెడతారు. తీసుకున్నామె దాన్ని పెట్టెలో దాచి, సమయం వచ్చినప్పుడు మరొకరికి పెడుతుంది. అట్లా నా దుకాణంలో బయల్దేరిన ముక్క ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటుంది తప్ప సూది మొహం చూడదు. ఇన్నేళ్ల వ్యాపారంలో నేనమ్మిన కనుము ఒక్కటి కూడా ఎవరి ఒంటిమీదా నాకు కనిపించలేదు. అమ్మిన సరుకు వాపసు రాలేదు, అది చాలదా అని నేనూ పట్టించుకోలేదు.

చాంద్‌బీ దుకాణంలోకి వచ్చేది కాదు. వెనక గదిలో పాత కాలి మిషన్ ముందు కూర్చుని, పక్క టైలర్లు కోయగా మిగిలిన పేలికలు, మేం కత్రన్ అంటాం, తెచ్చుకుని ఏదో ఒకటి కుడుతూ ఉండేది. దిండు గలీబులు, ఫ్రిజ్ మీద కప్పే గుడ్డ, టీవీ మీద కప్పే గుడ్డ. ఇంట్లో కప్పడానికి ఇంకేమీ మిగలక, ఆ వేసవిలో దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్న దర్వాజకు ఒక తోరణం కుట్టింది. పైన వెడల్పుగా ఒక పట్టీ, దానికి వేలాడుతూ రంగురంగుల గుడ్డ ఆకులు, ఆకు ఆకుకీ మధ్య దారంతో చేసిన కుచ్చు. బాగుంది అని అనుకున్నాను గానీ అనలేదు. అంటే బయట గుమ్మానికి కూడా కుడుతుందని భయం.

శంకరవ్వ చూసి అంది. ఆమె మా వాడకట్టు మహిళా సంఘానికి లీడరు. నోరు పెద్దది, మాట నిక్కచ్చి. ఫాల్స్ కొనడానికి వచ్చి, బేరం మధ్యలో ఆపి, నా తల మీదుగా లోపలికి చూసింది.

"నబీ, గా దర్వాజకు కట్టింది యాడ కొన్నవ్?"

"కొనలేదక్కా. మా ఇంటామె కుట్టింది. కత్రన్ అది."

"కత్రనా? ఓ చాంద్‌బీ చెల్లే! జర ఇటు రా!"

చాంద్‌బీ పర్దా పక్కకు జరిపి నిలబడింది. గడప మాత్రం దాటలేదు. "ఏంది శంకరక్కా?"

"గిసుంటిది నాకొకటి కావాలె. కొత్తిల్లు కడుతున్న గద. దర్వాజకు ప్లాస్టిక్ పూలు కొందమంటడు మా పెద్దోడు. నేను సచ్చినంక నా ఫోటోకు కట్టురా గవి, ఇప్పుడొద్దు అన్న."

"కుడ్త అక్కా. గుడ్డనో?"

"గుడ్డకేం కరువు? పెట్టె తెరిస్తే కనుములే. మిగిలినోళ్లు పెట్టినవన్నీ మళ్ల ఎవలకో పెట్టిన. మా అవ్వ ఒడిబియ్యం పోసినప్పుడు పెట్టినవి మాత్రం ఎవలకు పెట్టబుద్ధి కాలే. తొడుక్కోవస్తదా అంటే కుట్టరాదు. గట్లనే పడున్నయ్. అవ్వ పోయి గుడ రెండేండ్లాయె."

మర్నాడే మూట తెచ్చింది. ఆ మూట విప్పుతుంటేనే నాకు వ్యాపారం కనిపించింది. ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో పెట్టె ఉంది. ప్రతి పెట్టెలో కనుములున్నాయి. వాటిని ఎవరూ కుట్టుకోరు, పారెయ్యరు. నేను ఇన్నేళ్లుగా అమ్మేసి మర్చిపోయిన సరుకంతా ఊరి నిండా నిల్వ ఉంది. గుడ్డ వాళ్లది, చెయ్యి చాంద్‌బీది, అస్తరూ దారమూ లేసూ నావి. సంఘం మీటింగులో ఒక మాట వెయ్యమని శంకరవ్వకు చెప్పాను. ఆమె ఒక మాట వేస్తే పది మాటలు వేసినట్టు. వారం తిరగకుండా మూటలు రావడం మొదలైంది. దర్వాజ తోరణాలు, గోడకు వేలాడదీసే పట్టీలు, దివాన్ దిండ్ల గలీబులు. పక్కనే ఇత్తడి సామాన్ల దుకాణం లక్ష్మీరాజంది. అతను తన బిందెల మధ్య నుంచి తల బయటపెట్టి, "ఏం నబీ భాయ్, కొత్త గుడ్డ అమ్ముడువోదు, పాత గుడ్డకు లైన్ కట్టిన్రు?" అనేవాడు. "నీ బిందెలు గుడ తీస్కరా రాజన్నా, అతుకులేసి కుట్టిస్త" అనేవాణ్ణి.

ముగ్గురం పని పంచుకున్నాం. కత్తిరించేది నేను, మిషన్ మీద చాంద్‌బీ, తిప్పి ఇస్త్రీ చేసేది ఇఖ్రా. ఏ మూట గుడ్డ ఆ మూటకే. అందులో పొరపాటు రానిచ్చేవాణ్ణి కాదు.

మొదటిరోజే శంకరవ్వ కనుము ఒకటి పరిచి ఇఖ్రా అంది, "అబ్బా, గీ మూలలకు పసుపు అంటింది."

"కోసెయ్యి. మరక ఉన్న సరుకు మన దుకాణం దాటొద్దు."

"ఉతికితే పోదా?" అంది చాంద్‌బీ.

"పసుపు పోదు, రంగు పోతది. కోసెయ్యి."

కొత్త గుడ్డ పెట్టేటప్పుడు మూలకు ఇంత పసుపు అద్దుతారని నాకు తెలియక కాదు. పుట్టిన దగ్గర నుంచీ చూస్తున్నాను. అయితే అది ఇచ్చే పూటకే అనుకున్నాను. చేతిలో పెట్టడం అయిపోయాక దానికి పనేముంది? కొన్న వస్తువుకు అట్టపెట్టె ఎంతో, పెట్టిన గుడ్డకు పసుపు అంతే అనుకున్నాను. గుడ్డ వ్యాపారంలో పెరిగినవాడి కంటికి సాపుగా ఉన్న రంగే రంగు, దాని మీద ఇంకేది పడ్డా మరకే. చాంద్‌బీ కన్నూ అంతే, ఇఖ్రాకు మేం నేర్పిందీ అంతే. వచ్చిన ప్రతి మూటలో ప్రతి కనుముకూ నాలుగు మూలలూ అరచేయంత ముక్కోణాలుగా కోసేశాం. కోసినవి నేను చెత్తబుట్టలో వెయ్యబోతే చాంద్‌బీ చెయ్యి చాచింది.

"పారెయ్యకు. ఇటియ్యి."

"పసుపు ముక్కలతోని ఏం జేస్తవ్?"

"నీకెందుకు? ఇయ్యి."

శంకరవ్వ తోరణం అందరికన్నా ముందు పూర్తయింది. ఇరవై ఏళ్లుగా పెట్టెలో నలిగిన గుడ్డ అది అంటే నమ్మలేం. మిరపపండు ఎరుపు పక్కన రామా గ్రీన్, దాని పక్కన రాణి పింక్, వంగపండు రంగు. చూసినకొద్దీ చూడాలనిపించేట్టు కుట్టింది. శంకరవ్వ దాన్ని బల్ల మీద పరిచి, చేత్తో నిమిరి, "అబ్బ! ఎంత మంచిగ కుట్టినవే చెల్లే" అంది. ఒక్కో ఆకునూ పట్టుకుని ఇది ఏ ఏడు పెట్టింది, అప్పుడు కడుపుతో ఉన్నానా లేదా అని చెప్పుకుపోయింది. తర్వాత ఆకును తిప్పి చూసింది. ఇంకొకటి తిప్పింది. పట్టీ మొత్తం తిరగేసింది.

"పసుపేది?" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏ పసుపక్కా?"

"మా అవ్వ పెట్టింది."

"మూలల మరకలుండె గదక్కా, అవన్నీ సాఫ్ జేసినం," అన్నాను. మంచి పని చేశానన్నట్టే అన్నాను.

శంకరవ్వ తోరణం మడత పెట్టింది. "కనుము బజార్ల దొరుకుతది నబీ," అని మాత్రం అంది. తోరణం బల్ల మీదే వదిలి వెళ్లిపోయింది. వెనక పర్దా దగ్గర చాంద్‌బీ నిలబడి ఉంది. నేను అటు తిరిగేసరికి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తగానే చంద్రవ్వ వచ్చింది. బస్టాండు దగ్గర టిఫిన్ బండి ఆమెది. నా మొహం చూడకుండా, "నా మూట ఇయ్యున్రి" అంది. సగం కత్తిరించి ఉందమ్మా అంటే, "సగమే ఇయ్యున్రి" అంది. ఆమె వెనక ఇంకొకరు, మధ్యాహ్నానికి మరికొందరు. ఎవరూ తిట్టలేదు. తిడితే జవాబు చెప్పొచ్చు. సాయంత్రం లక్ష్మీరాజం వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. జోకు వెయ్యలేదు.

"భాయ్, ఒక మాట అంట, కోపానికి రాకు."

"చెప్పు రాజన్నా."

"బజార్ల ఒక తీరుగ మాట్లాడుతున్నరు. పసుపంటే వాళ్లకు గిట్టదు, గందుకే ఏరి ఏరి కోసిన్రు అని. నాకు తెల్వదా నీ సంగతి? నేను లేదన్న. కని ఎంతమందికని చెప్పాలె?"

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లెక్క వేశాను. ఏం జవాబు చెప్పాలి? మతం అడ్డమొచ్చి కోయలేదు, మరక అనుకుని కోశాను అంటే, చచ్చిపోయిన తల్లి చేతి పసుపును మరక అన్నట్టు. అది ఇంకా పెద్ద తప్పు. తెలియదు అంటే అబద్ధం. ఈ ఊళ్లోనే పుట్టినవాణ్ణి, తెలియకపోవడమేంటి? క్షమించమని ఇల్లిల్లూ తిరిగితే, ఏదో ఉంది కాబట్టే తిరుగుతున్నాడు అంటారు. ఎటు వేసినా నష్టమే. మూటలు పోతే పోనీ, అవి వచ్చి నెల కాలేదు. పోతున్నది మా అబ్బా దగ్గర నుంచి నాకొచ్చిన పేరు. శంకరవ్వ కొత్తింట్లో చేరే పూట ఆ దర్వాజకు ప్లాస్టిక్ పూలు కట్టి ఉంటే, వచ్చిన ప్రతి ఆడమనిషీ ఎందుకని అడుగుతుంది. ఎందుకో శంకరవ్వ చెబుతుంది. ఆ తర్వాత నేను షట్టర్ ఎత్తినా ఒకటే, దించినా ఒకటే.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ లేక వెనక గదిలో దిండుకు ఆనుకుని పడుకున్నాను. చాంద్‌బీ వచ్చి తల దగ్గర నిలబడింది. ఇఖ్రా పుట్టిన దగ్గర నుంచీ నన్ను బిడ్డ పేరుతోనే పిలుస్తుంది.

"ఇఖ్రాకే అబ్బా, ఏం జవాబు జెప్పాలె అని పరేషాన్ అవుతున్నవా?"

"కాక?"

"జవాబు జెప్పకు. మూలలు ఇచ్చెయ్యి."

"యాడియి మూలలు? ఎప్పుడో పారేసి ఉంటవ్ గద."

"నేను ఏనాడన్న గుడ్డ పారేసిన్నా?"

"మరి యాడున్నయి?"

"జర లేవ్. నువ్వు ఆనుకున్నయ్."

లేచి చూశాను. పది రోజులుగా ప్రతి మధ్యాహ్నం నేను కునుకు తీస్తున్న కొత్త దిండు అది. దూది ఎందుకు దండగ అని మూలలన్నీ దాంట్లో కూరి కుట్టేసింది. బ్లేడుతో కుట్టు విప్పితే గది నిండా ముక్కోణాలు రాలాయి. ఎరుపు, పచ్చ, నీలం, ప్రతిదానికీ కొసన పసుపు. ఇఖ్రా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

"నవ్వుడు గాదు," అన్నాను. "ఇన్నిట్ల ఏది ఎవలదో ఎట్ల తెలుస్తది?"

చాంద్‌బీ నా వైపు చూసింది. "నబీ భాయ్ దగ్గర రంగు తప్పదంటరు గద," అంది.

రంగు చూడాలంటే ట్యూబ్‌లైటు పనికిరాదు. ట్యూబ్‌లైటు కింద నీలం కూడా అబద్ధం ఆడుతుంది. మర్నాడు పొద్దున్నే దుకాణం మెట్టు మీద తెల్ల దుప్పటి పరిచి మూలలన్నీ పోశాను. కుట్టడం అయిపోయినవీ కానివీ, నా దగ్గరున్న గుడ్డలూ, తీసుకుపోయిన మూటల్లో కత్తిరించగా మిగిలిన పేలికలూ పక్కన పెట్టుకున్నాను. బజారు నడిచే దారి అది. పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. లోపల కూర్చుని చేస్తే ఇంకోలా చెప్పుకుంటారు.

"అబ్బా, గివన్నీ ఎరుపే గద!" అంది ఇఖ్రా తల పట్టుకుని.

"ఎరుపని ఒక రంగే లేదు బిడ్డా. ఇది కుంకుమ. ఇది మిరపపండు. ఇది దానిమ్మ గింజ. గీ రెండూ కుంకుమలే, కని ఒకటి ఎండల వెట్టి చూడు, జర నారింజ కొడ్తది. వేరే లాటు సరుకు." నేత చిక్కదనం వేలికి తెలుస్తుంది. కోసిన అంచు ఏ అంచు పక్కన కూర్చుంటుందో కత్తెర గీత చెబుతుంది. ఒక్కో మూల దాని గుడ్డ పక్కకు చేరుతుంటే, నాకు గిరాకీ కిక్కిరిసిన రోజుల్లో కూడా రాని ఉషారు వచ్చింది. నా కళ్లు ఇన్నాళ్లూ సరుకు అమ్మడానికే పనికొచ్చాయి. ఆ పూట మాత్రం అవి ఎవరి సొమ్ము వాళ్లకు తిరిగి చేర్చాయి. ఎండ మెట్టు మీదికి ఎక్కేలోపు దుప్పటి దాదాపు ఖాళీ అయింది.

రామా గ్రీన్ ముక్కల దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎనిమిది మూలలు. శంకరవ్వ మూటలో ఒక రామా గ్రీన్ ఉంది, చంద్రవ్వ మూటలో ఒకటి ఉంది. ఒకే మిల్లు, ఒకే లాటు, ఒకే నేత. చంద్రవ్వ తన గుడ్డ పేలిక కూడా మిగల్చకుండా తీసుకుపోయింది. శంకరవ్వ గుడ్డ ఆకులుగా మారిపోయింది, దాని అంచులు లేవు. ఎంతసేపు తిప్పి చూసినా, ఎండలో పెట్టినా నీడలో పెట్టినా, నా కంటికి ఎనిమిదీ ఒకటే. ఏవో నాలుగు తీసి ఇచ్చేస్తే కనిపెట్టేదెవరు అని ఒక ఆలోచన వచ్చిన మాట నిజం. వ్యాపారికి రాకుండా ఉండదు. ఇఖ్రాను శంకరవ్వ ఇంటికి పంపాను. మూలలు ఉన్నాయి, వచ్చి చూసుకొమ్మని చెప్పు అన్నాను.

శంకరవ్వ వచ్చింది. చంద్రవ్వను కూడా వెంట తెచ్చింది. సాక్షిగా తెచ్చిందో తోడుగా తెచ్చిందో నాకు తెలియదు. మెట్టు మీద వరసగా పేర్చిన గుడ్డలూ, వాటి పక్కన పసుపు మూలలూ చూసి ఇద్దరూ నిలబడిపోయారు.

"కూసో అక్కా," అన్నాను. "అన్నీ కలిసినయ్. గీ రామా గ్రీన్ దగ్గర ఆగిన. రంగయితే నేను జెప్పగలుగుత గని, పసుపు నువ్వే జెప్పాలె."

శంకరవ్వ మెట్టు మీద కూర్చుంది. ఎనిమిది ముక్కలూ ఒళ్లో వేసుకుంది. కొన్నిటి మీద పసుపు చిక్కగా, గుండ్రంగా, బొటనవేలు అద్ది తిప్పినట్టు ఉంది. మిగతావాటి మీద సన్నటి గీత, వేలు అట్లా తాకించి లాగేసినట్టు. ఆమెకు రెండో చూపు అక్కర్లేకపోయింది. చిక్కటివి నాలుగూ తీసి పక్కన పెట్టుకుంది.

"గివి మా అవ్వయి. పసుపు పెట్టుమంటే పిడక కొట్టినట్టు కొడ్తుండె. మేం నవ్వుతుంటిమి. ఓ అవ్వా, గుడ్డకు పెడ్తున్నవా, గోడకు పెడ్తున్నవా అని." ఒక మూలను అరచేతిలో పెట్టుకుని, ఆ గుండ్రటి పసుపు మీద తన బొటనవేలు ఉంచింది. కొంచెంసేపు తియ్యలేదు.

చంద్రవ్వ వంగి మిగతా నాలుగు చూసింది. "ఇగో, గీ గీతలు మా అత్తయి. పసుపు పెట్టుట్ల గుడ పీనాసే ముసల్ది," అంది.

శంకరవ్వ ఫక్కున నవ్వింది. చంద్రవ్వా నవ్వింది. పర్దా వెనక నుంచి చాంద్‌బీ నవ్వు వినిపించింది. అటువైపు ఇత్తడి బిందెల మధ్య లక్ష్మీరాజం ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

"చెల్లే," అని పిలిచింది శంకరవ్వ. "ఎల్లుండి పొద్దుగాల ఇంట్ల పాలు పొంగిస్తున్నం. అప్పటికి అయితదా?"

"అయితది," అంది చాంద్‌బీ. అని పర్దా తొలగించి గడప దాటి, మెట్టు దగ్గరికి వచ్చి మూలలు చేతిలోకి తీసుకుంది. ఒకదాన్ని కొస కిందికి వచ్చేట్టు పట్టుకుని గాలిలో వేలాడదీసి చూసింది. "ఆకుల కింద గీ మూలలు వరుసగ కుడ్త. పసుపు కొసలు కిందికి. దర్వాజల నిలవడ్డోళ్ల నెత్తి మీదికి వస్తయి."

"ఉతికితే పోతయేమో శంకరవ్వా?" అంది ఇఖ్రా.

"ఉతుకుతనా నేను?" అంది శంకరవ్వ.

"లోపల గదిల గీ పసుపు మంచిగ కనవడదు," అంది చాంద్‌బీ నన్ను చూసి. "మిషన్ ఇటు తేవాలె. వెలుగుకు."

ఆ మాట ఆమె అడిగినట్టు అనలేదు, చెప్పినట్టు అంది. నేను లేచేలోపే చంద్రవ్వా ఇఖ్రా చెరో వైపు పట్టి మిషన్ మోసుకొచ్చారు. దుకాణంలో వెలుతురు పడే చోటు ఒకటే. మా అబ్బా కూర్చున్న చోటు, తర్వాత నేను కూర్చున్న చోటు. నా కుర్చీ లేసు చుట్టల పక్కకు జరిపి, అక్కడ మిషన్ పెట్టారు. చాంద్‌బీ చీర కొంగు సర్దుకుని కూర్చుని, బజారుకు ఎదురుగా, సూదిలో దారం ఎక్కించింది.

అప్పటి నుంచి ఆ మిషన్ అక్కడే ఉంది.

కొత్తింట్లో పాలు పొంగించిన రోజు ముగ్గురం వెళ్లాం. దర్వాజ కింద అందరూ తల ఎత్తి చూసి లోపలికి నడిచారు. రంగుల ఆకులు, వాటి కింద వరసగా ముక్కోణాలు, ఒక్కో కొసన గుండ్రటి పసుపు. గాలి వస్తే ఆ కొసలన్నీ ఒక్కసారి కదులుతున్నాయి. హుస్నాబాద్ వైపు నుంచి వచ్చిన శంకరవ్వ మేనత్త ఒకామె, చూపు మందగించిన ముసలామె, గడపలో ఆగి, చెయ్యెత్తి ఒక మూలను పట్టుకుని, "మా వదిన పసుపు గాదే గిది?" అంది. శంకరవ్వ కళ్లు తుడుచుకుంటూ, "అవునత్తా, గీ చెల్లెనే కుట్టింది," అని చాంద్‌బీని ముందుకు లాగింది. నా పెళ్లాన్ని అంతమంది ఒకేసారి చూడటం నేను చూశాను. ఆమె తల వంచలేదు. నేను పక్కనే నిలబడి, నా కొత్త చొక్కా బొత్తాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాను.

వెళ్లేటప్పుడు వచ్చిన ఆడవాళ్లందరికీ కనుములు పెట్టారు. చాంద్‌బీ వంతు వచ్చేసరికి శంకరవ్వ పసుపు గిన్నెలో బొటనవేలు ముంచి, ఒక్క క్షణం ఆగింది. "పెట్టొచ్చునా చెల్లే?" అంది.

"పిడక కొట్టినట్టు కొట్టు అక్కా," అంది చాంద్‌బీ.

నెమలికంఠం రంగు ముక్క అది. నా దుకాణంలో షట్టర్ వైపు రెండో అర సరుకు. శంకరవ్వ నా దగ్గరే కొని ఉంటుంది.

ఇక లెక్క తేల్చాలి. ఆ సీజన్లో పోయినవి: నా మధ్యాహ్నపు దిండు, దుకాణంలో వెలుతురు పడే నా చోటు. వచ్చినవి: తీసుకుపోయిన మూటలన్నీ, వాటి వెంట పెద్దపల్లి నుంచి కొత్త మూటలు. ఇప్పుడు మూట తెచ్చే ప్రతి ఆడమనిషీ మొట్టమొదట చెప్పే మాట, "మూలలు భద్రం." ఇఖ్రా బోర్డు మార్పించింది. నా పేరు పక్కన ఇప్పుడు వాళ్ల అమ్మ పేరు కూడా ఉంది, అక్షరాలు నా పేరుకంటే కొంచెం పెద్దవే. పెయింటర్ పొరపాటు అంటుంది.

ఇంకొక్కటి మిగిలింది. శంకరవ్వ పెట్టిన ఆ నెమలికంఠం ముక్క పొడవు తక్కువ కదా, వీపుకు చాలలేదు. చాంద్‌బీ అక్కడ కత్రన్‌తో అతుకు వేసి, పసుపు అంటిన మూలను కొయ్యకుండా ఎడమ చేతి అంచుకు వచ్చేట్టు జాకెట్ కుట్టుకుంది. రంజాన్ పండగ పూట ఆ జాకెట్ వేసుకుని, మిషన్ పక్కన నిలబడి, "రంగు కలిసిందా?" అని నన్నడిగింది. ఇన్నేళ్లుగా నేనమ్మిన కనుముల్లో, ఒక మనిషి ఒంటిమీద నేను కళ్లారా చూసింది అదొక్కటే.